ముందు ఏది? వాన నీరు, ఎరువు, సోలార్, పంచుకునే అలమర: బెంగళూరు అపార్ట్‌మెంట్ల కోసం ఒక పోలిక

2022 సెప్టెంబర్‌లో సర్జాపూర్ రోడ్డు, బెళ్ళందూరు వైపు ఆఫీసులకి వెళ్ళేవాళ్ళు ట్రాక్టర్లెక్కి వరద దాటారు. 2024 మార్చిలో అదే రోడ్డు మీద అదే జనం, ట్యాంకర్ ఎప్పుడొస్తుందా అని గేటు వైపు చూస్తూ కూర్చున్నాం. మధ్యలో పట్టుమని రెండేళ్ళు కూడా లేవు. వాతావరణం మారుతోందని పేపర్లో చదవడం వేరు, ఒకే వీధిలో ఒకసారి నీళ్ళు ముంచెత్తి ఇంకోసారి చుక్క లేకపోవడం కళ్ళారా చూడడం వేరు.

ఆ మార్చి తర్వాత మా 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్‌లో "మనం కూడా ఏదో ఒకటి చెయ్యాలి" అన్నమాట అందరి నోటా వచ్చింది. ఏది చెయ్యాలి అనే దగ్గర ఆగిపోయింది. ఒకరు మేడ మీద సోలార్ అన్నారు. ఒకరు వాన నీళ్ళు భూమిలోకి పంపే ఇంకుడు బావులన్నారు. తడి చెత్తని ఇక్కడే ఎరువు చేద్దామని ఇంకొకరు. అసలు కొనడమే తగ్గిద్దాం, నిచ్చెనలు, డ్రిల్ మెషీన్లు, స్టీలు పళ్ళేలు అందరికీ కలిపి ఒక అలమరలో పెడదామని మరొకరు. కార్పస్ ఫండ్ (ఓనర్లందరి ఉమ్మడి నిధి) మాత్రం ఒక్కటే, సాయంత్రం పూట ఖాళీ ఉన్న మనుషులు ఆరుగురే.

నేను కమిటీలో రెండేళ్ళు ఉన్నాను. నాలుగూ ఎంతో కొంత చేశాం, ఒకదాంట్లో గట్టిగా దెబ్బతిన్నాం. మారతహళ్ళి, కె.ఆర్.పురం, ఎలక్ట్రానిక్ సిటీ వైపు అపార్ట్‌మెంట్లలో ఉన్న మనవాళ్ళు ఫోన్ చేసి అడుగుతుంటారు, ముందు ఏది మొదలుపెట్టాలని. వాళ్ళకి ఫోన్లో చెప్పేదే ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

అందరూ మొదట అడిగేది ఖర్చు. నేను మొదట అడగమనేది వేరే ప్రశ్న: రెండో ఏడాది కూడా ఈ పని ఎవరు చేస్తారు? మొదటి మూడు నెలలు ఉత్సాహం మోసుకుపోతుంది. తర్వాత కమిటీ మారుతుంది, చొరవ చూపిన మనిషి హైదరాబాద్ బదిలీ అయిపోతారు, హౌస్‌కీపింగ్ కాంట్రాక్టర్ కొత్తవాళ్ళని పంపిస్తాడు. అప్పుడు కూడా నడిచేదే అసలైన ఏర్పాటు.

రెండోది, ఎంతమంది ఒప్పుకోవాలి. బెంగళూరులో చాలామంది ఓనర్లు వేరే ఊళ్ళో, వేరే దేశంలో ఉంటారు. పెద్ద ఖర్చుకి జనరల్ బాడీ మీటింగ్‌లో ఓటు కావాలి. అద్దెకున్నవాళ్ళకి ఓటుండదు, చెత్తబుట్ట మాత్రం రోజూ వాళ్ళ చేతిలోనే ఉంటుంది.

మూడోది, మీ దగ్గర ఏది ఎక్కువ నొప్పి పెడుతోంది. ఎండాకాలం నెలంతా ట్యాంకర్లే దిక్కయిన చోట సోలార్ గురించి మాట్లాడితే ఎవరూ వినరు. వినకపోవడం వాళ్ళ తప్పు కాదు.

ఇక కర్బనం లెక్క, అంటే గాలిలోకి పోయే కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులు ఎంత తగ్గుతాయన్నది. అదీ ముఖ్యమే, కానీ ఆ ఒక్కదాన్నే చూసి నిర్ణయిస్తే పొరపాటవుతుంది. ఎందుకో సోలార్ దగ్గర చెప్తాను.

| | ఇంకుడు బావులు | తడి చెత్త ఎరువు | మేడ మీద సోలార్ | పంచుకునే అలమర |
|---|---|---|---|---|
| మొదటి ఖర్చు | మధ్యస్తం | తక్కువ, మెషీన్ కొంటే ఎక్కువ | చాలా ఎక్కువ | దాదాపు లేదు |
| రోజూ చేసే పని | లేదు, వానలకి ముందు శుభ్రం చెయ్యాలి | ఉంది, ప్రతిరోజూ | లేదు, అప్పుడప్పుడు కడగాలి | వారానికి గంట, రెండు గంటలు |
| ఎవరు ఒప్పుకోవాలి | కమిటీ, ఓనర్లు | ప్రతి వంటిల్లు | ఓనర్లు, విద్యుత్ సంస్థ | నలుగురైదుగురు చాలు |
| ఫలితం కనిపించేది | రెండు మూడు వానాకాలాలకి | రెండు నెలలకి | మొదటి బిల్లుకే | మొదటి ఫంక్షన్‌కే |
| వదిలేస్తే | పూడిపోతుంది | కంపు కొడుతుంది | ఉత్పత్తి తగ్గుతుంది | వస్తువులు మాయమవుతాయి |

## ఇంకుడు బావులు, వాన నీరు

లెక్క తేలిక. ఒక చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. బెంగళూరులో ఏడాదికి సగటున 970 మిల్లీమీటర్ల వాన పడుతుంది. మేడ 10,000 చదరపు అడుగులు అనుకోండి, అంటే సుమారు 930 చదరపు మీటర్లు. ఆవిరైపోయేది, పొంగిపోయేది పోగా నూటికి ఎనభై వంతులు పట్టుకోగలిగితే దాదాపు 7 లక్షల 20 వేల లీటర్లు. 12,000 లీటర్ల ట్యాంకర్లలో చూస్తే 60.

వినగానే అందరి కళ్ళూ మెరుస్తాయి. కానీ ఇంకో పక్క కూడా చూడాలి. 60 ఇళ్ళు, ఇంటికి సగటున మూడున్నర మంది, మనిషికి రోజుకి 135 లీటర్లు అనుకుంటే రోజుకి 28,000 లీటర్లు దాటుతుంది. అంటే ఏడాది వాన మొత్తం కలిపితే 25 రోజుల అవసరం. వాన నీటితో ట్యాంకర్లకి పూర్తిగా స్వస్తి చెప్పేస్తామని మీటింగ్‌లో ఎవరైనా అంటే నమ్మకండి. ఆ మాట నమ్మి ఓటేసినవాళ్ళు తర్వాతి ఎండాకాలం నిలదీస్తారు, ఆ కోపంలో మిగతా పనులు కూడా ఆగిపోతాయి.

అయినా చెయ్యాల్సిందే అంటాను. నగరానికి వచ్చే కావేరి నీరు సుమారు 100 కిలోమీటర్ల దూరం నుంచి, 300 మీటర్లకు పైగా ఎత్తుకి పంపులతో తోడుకుంటే వస్తోంది. ప్రతి బకెట్ వెనక బోలెడు కరెంటు ఉంది. పైగా ఇంకుడు బావి నీరు నిలవ చేయడానికి మాత్రమే కాదు. కుండపోత వాన రోడ్డు మీదకి పోకుండా లోపలికి దిగితే కింద వీధి మునగడం తగ్గుతుంది. వరదకీ కరువుకీ ఒకే మందు ఇదొక్కటే.

మా దగ్గర మూడడుగుల వెడల్పుతో, ఇరవై అడుగుల లోతున రెండు బావులు తవ్వించాం. తవ్వడానికి వచ్చినవాళ్ళు మణ్ణు వడ్డర్లు. బెంగళూరు చుట్టుపక్కల తరతరాలుగా బావులు తవ్వుతున్నవాళ్ళు వాళ్ళే. మేస్త్రీ నాతో కన్నడలో మాట్లాడి, తాడు పట్టుకుని లోపలికి దిగాక పైనున్న కొడుకుతో "ఒరే, గంప దింపు, ఎర్రమట్టి అయిపోయింది, మొరం తగిలింది" అన్నాడు. తెలుగే. ఆయన అక్కడి నుంచి మట్టి పిడికెడు పైకి పంపి, ముక్కు దగ్గర పెట్టుకుని చూడమన్నాడు. చల్లగా, చెమ్మగా ఉంది. ఇరవై అడుగుల కింద ఇంకా తడి ఉందన్నమాట, అది చూశాక మా కోశాధికారి కూడా ఖర్చు గురించి మళ్ళీ అడగలేదు. సిమెంట్ వరలు దించి, చుట్టూ కంకర పోసి, అడుగున మాత్రం సిమెంట్ వెయ్యకుండా వదిలేశారు. కొందరు కాంట్రాక్టర్లు అడుగు కూడా మూసేస్తారు. అప్పుడు అది సంపు అవుతుంది కానీ ఇంకుడు బావి కాదు. దగ్గరుండి చూసుకోండి.

చాలా పాత భవనాల్లో వాన నీటి పైపులు పేరుకే ఉంటాయి. 2009లో చట్టం సవరించాక వాన నీటి సేకరణ తప్పనిసరి అయింది కాబట్టి బిల్డర్ పైపు వేసి చూపించి ఉంటాడు, అది తీసుకెళ్ళి డ్రైనేజీలో కలిపి ఉంటాడు. ముందు ఒక వాన రోజు గొడుగేసుకుని మీ పైపులు ఎక్కడికి పోతున్నాయో వెతకండి. ఈ పని ఎలా చెయ్యాలో కళ్ళతో చూడాలంటే జయనగర్ 5వ బ్లాకులో జలమండలి (నగరానికి నీళ్ళిచ్చే ప్రభుత్వ సంస్థ, BWSSB) వారి వాన నీటి సేకరణ పార్కు ఉంది, పిల్లలతో సహా వెళ్ళిరావచ్చు.

బావి తవ్వేలోపు చేసే పని ఒకటుంది: కుళాయిలకి ఏరేటర్లు. చిన్న జల్లెడ లాంటిది, కుళాయి మూతికి బిగిస్తే ధారలో గాలి కలిపి నీటి వాడకం తగ్గిస్తుంది. 2024లో జలమండలి అపార్ట్‌మెంట్లకి ఇవి తప్పనిసరి చేసింది. దీనికి మీటింగ్ కూడా అక్కర్లేదు.

## తడి చెత్త ఎరువు

మేం దెబ్బతిన్నది ఇక్కడే, అందుకే ఇది కాస్త వివరంగా.

మన ఇళ్ళలో వచ్చే చెత్తలో సగానికి పైగా తడి చెత్త. అన్నం, కూర తొక్కలు, కరివేపాకు రెమ్మలు, టీ పొడి. అది ప్లాస్టిక్ సంచిలో మూటగట్టుకుని ఊరి బయట గుట్టలో పడితే గాలి తగలక మీథేన్ వస్తుంది. వందేళ్ళ లెక్కన చూస్తే మీథేన్ కార్బన్ డయాక్సైడ్ కంటే 28 రెట్లు దాకా వేడి పెంచుతుంది. ఆ గుట్ట పక్కన ఊళ్ళున్నాయన్న మాట మనం మర్చిపోతాం. మావళ్ళిపుర వాళ్ళు, మండూరు వాళ్ళు మా నీళ్ళు పాడైపోయాయని రోడ్డెక్కి పోరాడితే తప్ప అక్కడ చెత్త వెయ్యడం ఆగలేదు. మండూరులో ఆగింది 2014 చివర్లో. మనం తిని పారేసింది ఇంకొకరి బావిలోకి దిగింది, ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది. 2015 డిసెంబర్‌లో హైకోర్టు చెత్త వేరు చేయడంపై ఇచ్చిన ఆదేశంతో రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతి వచ్చింది. తడికి ఆకుపచ్చ బుట్ట, శానిటరీ ప్యాడ్ల లాంటి వాటికి ఎర్ర బుట్ట, పొడి చెత్తకి సంచి.

ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి మెషీన్, రెండు గాలాడే తొట్లు.

మేం మొదట మెషీన్ కొన్నాం. అమ్మినవాళ్ళు 24 గంటల్లో ఎరువు అన్నారు. చెత్త వేడి చేసి, ఎండబెట్టి గోధుమరంగు పొడి ఇచ్చింది. మాలీ దాన్ని గులాబీ మొక్కలకి వేసి నీళ్ళు పోశాడు. రెండు రోజులకి బూజు, వాసన, తర్వాత మొక్కలే వాడిపోయాయి. అది ఎరువు కాదు, ఎండబెట్టిన చెత్త. నిజమైన ఎరువుకి సూక్ష్మజీవులు పని చెయ్యాలి, దానికి కనీసం 30 నుంచి 45 రోజులు పడుతుంది. పైగా మెషీన్‌కి కరెంటు బిల్లు, మోటారు కాలిపోతే రిపేరుకి వారాల తరబడి ఎదురుచూపు. ఎనిమిది నెలలకి దానికి గుడ్డ కప్పేశాం. రోజుకి వందల కిలోల చెత్త వచ్చే పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో, స్థలం లేని చోట, చెత్త ముక్కలు చేసే మెషీన్ పనికొస్తుంది. "24 గంటల్లో" అనే మాట వింటే మాత్రం లేచి వచ్చెయ్యండి.

రెండోసారి జాలీ ఇటుక తొట్లు కట్టించాం. ఇంటికి ముప్పావు కిలో లెక్కన మా 60 ఇళ్ళకి రోజుకి 45 కిలోల దాకా వస్తుంది. వానాకాలంలో ఒక వారం మళ్ళీ కంపు మొదలైంది, వాట్సాప్ గ్రూపులో గొడవ, నాకు ఒకటే టెన్షన్. పొద్దున్నే కిందికి వెళ్తే మదనపల్లె నుంచి వచ్చిన మా హౌస్‌కీపింగ్ ఆమె తొట్టిలో కర్ర గుచ్చి చూస్తోంది. "అక్కా, ఆకు తక్కువైంది. తడి మీద తడి పడితే కుళ్ళుతుంది కానీ ఎరువు కాదు. మా అమ్మ దిబ్బలో ఎట్లేసేదో అట్లే వేస్తా, రెండు రోజులు చూడు" అంది. ఒక వరస చెత్త, పైన రెండు వరసలు ఎండుటాకులు, మధ్యలో పుల్ల మజ్జిగ చల్లింది. మూడో రోజుకి వాసన లేదు. చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనమే గుర్తు, లోపల పని జరుగుతోందని.

ఆ తర్వాత చేసిన ముఖ్యమైన మార్పు ఒకటే: ఆ పనికి ఆమె జీతంలో విడిగా డబ్బు కలిపాం, చేతి తొడుగులు, సబ్బు, స్నానానికి చోటు ఇచ్చాం. ఇది చెయ్యకుండా ఇంకొకరి చేతులతో పర్యావరణం కాపాడాలనుకునే అపార్ట్‌మెంట్లు చాలా ఉన్నాయి. అది న్యాయం కాదు, నిలబడదు కూడా.

నేర్చుకోవడానికి హెచ్.ఎస్.ఆర్. లేఅవుట్‌లో స్వచ్ఛాగ్రహ కలికా కేంద్రం ఉంది. రకరకాల తొట్లు పక్కపక్కనే పెట్టి చూపిస్తారు. కొనేముందు ఒకసారి వెళ్ళిరండి. ఒక్క ఇంటికే అయితే మట్టి కుండల వరసలు బాల్కనీలో పట్టేస్తాయి.

## మేడ మీద సోలార్

కర్బనం లెక్కలో నాలుగింటిలోనూ ఇదే ముందుంటుంది, సందేహం లేదు. ఒక కిలోవాట్‌కి దాదాపు 100 చదరపు అడుగుల నీడపడని చోటు కావాలి, రోజుకి సగటున 4 యూనిట్లు వస్తాయి. 20 కిలోవాట్లు పెడితే ఏడాదికి 29,000 యూనిట్ల పైన. మన దేశపు గ్రిడ్‌లో యూనిట్‌కి సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ లెక్కన ఏడాదికి 20 టన్నులు తగ్గినట్టు.

డబ్బు విషయంలో ఒక మెలిక ఉంది. కర్ణాటకలో 2023 నుంచి గృహజ్యోతి కింద నెలకి 200 యూనిట్ల లోపు వాడే ఇళ్ళకి కరెంటు ఉచితం. కాబట్టి ఫ్లాట్ మీటర్‌కి సోలార్ కలిపితే చాలామందికి మిగిలేదేమీ ఉండదు. లిఫ్టులు, పంపులు, కారిడార్ లైట్ల కామన్ మీటర్‌కి ఆ ఉచితం లేదు, అక్కడ మాత్రం మొదటి నెల నుంచే తేడా తెలుస్తుంది. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో హౌసింగ్ సొసైటీల కామన్ అవసరాలకి కిలోవాట్‌కి 18,000 రూపాయల సబ్సిడీ ఉంది. 20 కిలోవాట్లకి 3 లక్షల 60 వేలు.

మరి ముందు ఇదే ఎందుకు వద్దంటున్నాను? చెక్కు రాస్తే పని అయిపోతుంది, మనుషులు మారరు. మా పక్క అపార్ట్‌మెంట్‌లో సోలార్ పెట్టాక "మనది గ్రీన్ కమ్యూనిటీ" అన్న భరోసా వచ్చేసింది, చెత్త మాత్రం ఇప్పటికీ అంతా ఒకే బుట్టలో. ఓనర్ల ఓటు, నెట్ మీటరింగ్ (మిగిలిన సోలార్ కరెంటు గ్రిడ్‌కిచ్చి బిల్లులో తగ్గించుకునే ఏర్పాటు) దరఖాస్తు, లిఫ్ట్ గది నీడ, వాటర్ ట్యాంకు నీడ, ఇవన్నీ తేలేసరికి ఏడాది పట్టొచ్చు. ఆ ఏడాది ఖాళీగా కూర్చోకుండా దరఖాస్తు ఒక పక్క నడవనిచ్చి ఎరువు పని మొదలుపెట్టుకోవచ్చు. ప్యానెళ్ళ మీద పడే వాన కూడా అదే పైపులోకి వెళ్తుంది కాబట్టి వాన నీటికీ దీనికీ పోటీ లేదు.

## పంచుకునే అలమర

ఇది చిన్నదిగా కనిపిస్తుంది. నాకు మాత్రం ఇదే అన్నిటికంటే ఇష్టం.

పొద్దున మా గేటు దగ్గర నిలబడితే పది నిమిషాల్లో సరుకులు తెచ్చే కుర్రాళ్ళు ఒకరి వెనక ఒకరు వస్తుంటారు. వాచ్‌మన్ గది వెనక అట్టపెట్టెల గుట్ట. ఏం కొంటున్నామో మనకే గుర్తుండదు. ఒక నూలు టీ షర్టుకి పత్తి పండించడం దగ్గర్నుంచి లెక్కేస్తే సుమారు 2,700 లీటర్ల నీరు పడుతుంది. ఫోన్ జీవితకాలంలో వెలువడే కర్బనంలో ఎక్కువ భాగం దాన్ని తయారు చేసినప్పుడే అయిపోతుంది, మనం ఛార్జింగ్ పెట్టేది కొంచెమే. అంటే ఇంకో రెండేళ్ళు వాడడమే పెద్ద పొదుపు.

మేం మొదలుపెట్టింది వంద స్టీలు పళ్ళేలు, వంద గ్లాసులతో. పిల్లల పుట్టినరోజుకి కాగితం కప్పులు తెచ్చేవాళ్ళం. వాటి లోపల సన్నటి ప్లాస్టిక్ పొర ఉంటుంది, కాగితంలో కలవదు, మట్టిలో కలవదు. పాత్రల షాపులో కొన్న పళ్ళేల వెనక అపార్ట్‌మెంట్ పేరు కొట్టించాం, మన ఊళ్ళలో పెళ్ళి సామాన్ల మీద పేర్లు కొట్టించినట్టే. మొదటి సంక్రాంతి పేరంటానికి తీసుకెళ్ళినావిడ రెండు గ్లాసులు తక్కువ తెచ్చి, మర్నాడు వెతికి తలుపు తట్టి ఇచ్చింది. ఆవిడతో అప్పటిదాకా లిఫ్టులో తల ఊపడమే తప్ప మాట లేదు. ఇప్పుడు ఎరువు తొట్టికి ఎండుటాకుల సంచులు మోసేది ఆవిడే.

తర్వాత డ్రిల్ మెషీన్, అల్యూమినియం నిచ్చెన, పెద్ద గ్రైండర్, పెద్ద సూట్‌కేసు. ఒక రిజిస్టర్, దానికి దారంతో కట్టిన పెన్ను. యాప్ పెట్టుకోవద్దు, పెద్దవాళ్ళు దూరమైపోతారు.

లోటు కూడా చెప్పాలి. నీరు, కరెంటు తగ్గినట్టు దీన్ని బిల్లులో చూపించలేరు. ఎంత మిగిలిందో లెక్క కావాలనే కమిటీ దగ్గర ఇది నెగ్గదు.

## మీరు ఎవరైతే ఏది

40 నుంచి 100 ఫ్లాట్లు, ఓనర్లు సగం మందైనా అక్కడే ఉంటే: ముందు పళ్ళేల అలమర, రెండో నెలలో ఎరువు. మొదటిది మనుషుల్ని కలుపుతుంది, రెండోదానికి ఆ మనుషులే కావాలి. ఓటు అవసరమైన సోలార్, బావులు తర్వాతి మీటింగ్‌కి. అప్పటికి మీ మాట వినేవాళ్ళుంటారు.

ట్యాంకర్ల మీదే బతుకుతుంటే ఈ వరస తిప్పెయ్యండి. బావులు, ఏరేటర్లు, లీకులు ముందు. 2024లో జిల్లా యంత్రాంగం 5 కిలోమీటర్ల లోపు 12,000 లీటర్ల ట్యాంకర్‌కి 1,000 రూపాయలని ధర కట్టింది. ఆ ధర ప్రకారమే లెక్కేసినా ముందు చెప్పిన 60 ట్యాంకర్లు ఏడాదికి 60,000. భూమిలోకి పంపిన నీరంతా మీ బోరులోకే రాదు, పక్కవాళ్ళ బోరుకీ పోతుంది. దానికి బాధపడొద్దు, వాళ్ళు తవ్వితే మీకూ వస్తుంది.

అద్దెకుండి, రెండేళ్ళలో మారిపోయేవాళ్ళయితే బాల్కనీ కుండలో ఎరువు, అలమరలో మీ డ్రిల్. ఓటు లేకపోయినా ఇవి మీ చేతిలోవే.

లేఅవుట్‌లో సొంత ఇల్లుంటే మీకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, బావి ముందు. నెలకి 200 యూనిట్లు దాటుతుంటే సోలార్ కూడా లెక్కేసుకోండి. 3 కిలోవాట్లు, ఆ పైన పెడితే పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000.

ఇంకొక్క మాట, మనవాళ్ళకి ప్రత్యేకంగా. మనవల్ని చూసుకోవడానికి చిత్తూరు నుంచో, కర్నూలు నుంచో వచ్చి ఆరేసి నెలలు ఉండే అమ్మానాన్నలు ప్రతి అపార్ట్‌మెంట్‌లోనూ ఉంటారు. పొద్దుపోక పార్కు బెంచీ మీద కూర్చుంటారు. దిబ్బ వెయ్యడం, బావి మట్టి గుర్తుపట్టడం, మంచం నులక బిగించడం వాళ్ళకి వచ్చు. కమిటీకి పిలిచి అడగండి. మా నాన్న మొదటి రోజు మొహమాటపడ్డాడు, వారానికల్లా రిజిస్టర్ ఆయన దగ్గరే ఉంది.

## ఎప్పుడు మొదలుపెట్టాలి

బావులు మే నెల లోపు తవ్వించెయ్యాలి. బెంగళూరులో ఎక్కువ వాన సెప్టెంబర్, అక్టోబర్‌లలో పడుతుంది, అప్పటికి పైపుల లోపాలన్నీ జూన్, జులై చిన్న వానల్లో బయటపడి ఉండాలి. సోలార్ దరఖాస్తు ఎప్పుడైనా వేసుకోవచ్చు. అలమరకి ఏదో ఒక పండుగకి నెల ముందు మొదలుపెడితే సరిపోతుంది.

ఎరువు తొట్లు వానల్లో మొదలుపెట్టకండి. ఫిబ్రవరి, మార్చిలో రోడ్ల పక్క చెట్లన్నీ ఆకు రాలుస్తాయి. ఊడ్చేవాళ్ళు మూలకి తోసి తగలబెట్టేలోపు వాళ్ళతో మాట్లాడి, గోనె సంచులిచ్చి, ఆ ఆకంతా నింపించుకోండి. మా బేస్‌మెంట్‌లో పంపు గది పక్కన ముప్పై సంచులు పడతాయి. జూన్ వచ్చేసరికి అందులో సగమైనా మిగిలి ఉండేలా చూసుకుంటాం.